పదో గల్లీ నీళ్లు

రాసినది ఏది చేతికి వచ్చినా విజయరాణి వెంటనే చదవదు. కుడి బొటనవేలి గోరును చివరి అక్షరం పక్కన ఆనించి పెడుతుంది. కరెంటు బిల్లు, పెండ్లి పత్రిక, దవాఖాన చీటీ, ఏదైనా అంతే. ఇక్కడ ఆగింది, దీని తర్వాత ఏమీ లేదు అని నమ్మకం కుదిరాక కళ్లు మొదటికి పోతాయి. చర్చిలో పాటల పుస్తకం కూడా అలాగే పట్టుకుంటుంది. పక్కన కూర్చున్నవాళ్లు ఆమెకు చూపు తగ్గిందనుకుంటారు.

చూపు బాగానే ఉంది. మొయినాబాద్ దగ్గరి ఒక ఇంజనీరింగ్ కాలేజీలో, సి భాష నేర్పే ల్యాబులో, పదకొండేళ్లు సహాయకురాలిగా పనిచేసింది. ఆ వేలు అక్కడ అలవాటైంది.

సి భాషలో మాటకు తన పొడవు తనకు తెలియదు. అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి నిలబడతాయి. చివర ఒక సున్నా నిలబడుతుంది. అది కంటికి కనబడదు. యంత్రం మొదటి అక్షరం దగ్గర బయలుదేరి ఆ సున్నా తగిలేదాకా నడుస్తుంది. సున్నా పెట్టడం మరిచిపోతే ఆగదు. పక్కవాళ్ల ఇంట్లోకి నడిచిపోతుంది. అక్కడ ఉన్నదంతా ఈ మాటలోదే అనుకుంటుంది.

ఈ సంగతి ఆమె ఏటా రెండు వందల మందికి చెప్పింది. ఏటా రెండు వందల మంది తల ఊపారు.

రెండు మాటలు ఒకటేనా అని అడిగితే యంత్రం తేడా ఎంతో చెబుతుంది. తేడా లేకపోతే సున్నా. పిల్లలు సున్నాను కాదు అని చదివేవారు. సరైన పాస్‌వర్డు కొట్టినవాణ్ణి బయట నిలబెట్టి, తప్పు కొట్టినవాణ్ణి లోపలికి రానిచ్చే ప్రోగ్రాంలు రాసి, నడిచింది మేడమ్ అనేవారు. కొందరు మాటలను వదిలేసి అవి ఉన్న చోట్లను పోల్చేవారు. ఒకే పేరు రెండు కాగితాల మీద ఉంటే, కాగితాలు వేరు కాబట్టి మనుషులు వేరు. వయసు అడిగిన చోట ఎవడైనా తన ఊరి పేరు కొడితే ప్రోగ్రాం నోరు మెదపకుండా దాన్ని సున్నా అని రాసుకునేది. సున్నా ఏళ్ల మనిషి తెర మీద కూర్చుని ఉండేవాడు. ఎవరికీ వింత అనిపించేది కాదు.

తప్పు చేసినందుకు ఆమె ఎవరినీ తిట్టలేదు. తప్పు కనబడగానే ముఖం తిప్పుకుని, కనబడకుండా కప్పేసి, మార్కు అడిగే ఆ తీరు ఆమెకు సహించేది కాదు. పరీక్షకు బయటి నుంచి వచ్చే సారు బిర్యానీ తిని, చేతులు కడిగి, తుడుచుకోకుండానే మార్కులు వేసేవాడు. కాగితాల మీద నూనె వేళ్లు ఉండేవి. అవి కూడా ఆమే సర్ది కట్ట కట్టాలి.

ఆ పిల్లల్లో అభిలాష్ ఒకడు. ఆమె సొంతూరివాడు. మాజీ సర్పంచ్ భిక్షపతికి అక్క కొడుకు. ఒకరోజు ల్యాబులో తొమ్మిది పనుల జాబితా ఇచ్చారు. ఒక్కో పనికి ఒక అంకె. మనిషి ఏ అంకె కొడితే ఆ పని జరగాలి. మనిషి అంకె కొట్టి ఎంటర్ నొక్కుతాడు. ఆ ఎంటర్ కూడా ఒక అక్షరమే. అంకె వెనక తోకలాగా లోపలికి వస్తుంది. అందుకని మూడు కొట్టినా జాబితాలోని మూడుతో సరిపోలదు. తోక కోసి పోల్చాలి. ఒక్క వరుస పని.

అభిలాష్ తోక కోయలేదు. జాబితాలోని మాట ఎంత పొడవో అంతవరకే పోల్చి ఆపేశాడు. ఆ తర్వాత ఏముందో ప్రోగ్రాం చూడదు. తోక ఉన్నా సరే, ఏనుగు ఉన్నా సరే.

ఆమె గోరు ఆ వరుస చివర ఆగింది.

"ఎవరన్న పది కొడితే?"

"పది లేదు గద మేడమ్. క్వశ్చన్ల తొమ్మిదే ఉన్నయ్."

"కొడితే ఏమైతదని అడుగుతున్న."

"మొదటి అక్షరం ఒకటే గద, ఒకటి అనుకుంటది." నవ్వాడు. "ఎవరు కొడ్తరు మేడమ్, పనిలేక?"

అతని వెనక ఇరవై మంది రికార్డులు పట్టుకుని నిలబడ్డారు. భోజనం గంట కొట్టారు. ఆమె సంతకం పెట్టింది.

మూడేళ్ల కింద కాలేజీ వదిలేసింది. ఒకే ప్రోగ్రాం, ఒకే తప్పుతో, నలభై మంది పేర్ల మీద వచ్చిన రోజు అది. ఆ నలభైలో ముగ్గురు పైన ఉన్న పేరు మార్చడం కూడా మరిచిపోయారు. అందరినీ పాస్ చేయమని మేనేజ్‌మెంట్ నుంచి ఫోన్ వచ్చింది. ఆమె కట్ట కట్టి, బల్ల మీద పెట్టి, ల్యాబు తాళం దాని మీద పెట్టి వచ్చేసింది.

ఇప్పుడు చేవెళ్లలో, బీజాపూర్ రోడ్డు మీద, కిరాయి గదిలో బోరు మోటార్ల స్టార్టర్లు బాగుచేస్తుంది. ఫోన్‌తో నడిచే స్టార్టర్లు. వెనక మూత తీస్తే చచ్చిన చీమలు, కాలిన బల్లి, ఎవడో మైనంతో అతికించిన తీగ. ఆమె ముక్కుకు చున్నీ కట్టుకుని బ్రష్‌తో ఊడుస్తుంది. బల్లి వాసన ల్యాబు కంటే నయం అంటుంది. నలభై ఒక్కేళ్లు. పెండ్లి ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్లు అడగడం మానేశారు.

ఒక శనివారం మధ్యాహ్నం ఆమె మేనమామ సాముయేలు షాపుకు వచ్చాడు. చేవెళ్లకు ఆరు కిలోమీటర్ల దూరంలో వాళ్ల ఊరు. అక్కడ నల్లాల నీళ్లు వదిలే పని ఆయనది. ఇరవై ఏళ్లుగా అదే పని. చర్చిలో సంఘ పెద్ద కూడా. ఆ రోజు చెప్పులు బయట విడిచి, కుర్చీ ఉన్నా గడప మీద కూర్చున్నాడు.

"రాణీ, నువ్వు మిషన్లు చూస్తవు గద. జర మా పంపు గదిల డబ్బ చూడు బిడ్డ."

"ఏమైంది మామా?"

"నేను పన్నెండు నొక్కుతున్న. అది ఒకటి అంటున్నదట."

"అట అంటే?"

"సెక్రటరీ సారు లెక్క తీసి చూసిండు. నాలుగు నెలలల పది, పదకొండు, పన్నెండు ఒక్కసారి గూడ తెరువలేదట. ఒకటో గల్లీ దినాం నాలుగు మార్లు తెరిచిననట."

"ఎవరేమంటున్నరు?"

"మనోళ్లే అంటున్నరు. సాముయేలు నీళ్లు అమ్ముకున్నడని." గడప మీది దుమ్ము చేత్తో తుడిచాడు. "సోమవారం మీటింగు. పని తీసేస్తరట. పని పోతే పోనీ బిడ్డ. చర్చిల ఎట్ల కూసోవాలె?"

"నువ్వు నొక్కంగ ఎవరన్న చూసిన్రా?"

"పొద్దుగాల ఆరింటికి ఆ గదిల నేను, ఒక బల్లి. బల్లిని పిలుస్తవా సాక్ష్యానికి?"

మూడేళ్ల కిందటి దాకా ఆ ఊళ్లో తొమ్మిది గల్లీలకే నల్లాలు. సాముయేలు పొడుగాటి ఇనుప రాడ్డు భుజాన వేసుకుని తిరుగుతూ ఒక్కో గల్లీ మొదట్లో వాల్వు తిప్పేవాడు. తర్వాత అభిలాష్ తయారుచేసిన డబ్బా వచ్చింది. వాల్వులకు మోటార్లు బిగించారు. చేత్తో తిప్పే వీలు పోయింది. పంపు గదిలో కూర్చుని గల్లీ నంబర్ కొట్టి పచ్చ బటన్ నొక్కితే ఆ గల్లీకి నీళ్లు పోతాయి. డబ్బా మీది చిన్న తెర ఓకే అంటుంది. ఏ గల్లీ ఎప్పుడు తెరుచుకుందో డబ్బాయే లెక్క రాసుకుంటుంది.

డబ్బాకు గల్లీల పేర్లు తెలియవు. అంకెలు ఇవ్వాలి. ఎవరితో మొదలుపెట్టాలని ఎవరూ అడగలేదు. భిక్షపతి ఇల్లున్న గల్లీ ఒకటి అయింది. ట్యాంకుకు అన్నిటికంటే దూరం అదే. అయినా ఒకటి అదే. దాని తర్వాత ఆయన పాలివాళ్ల గల్లీ. పోయిన వానాకాలం చర్చి వెనక కాలనీకి పైపులు వచ్చాయి. ఆ మూడు గల్లీలను అభిలాష్ పది, పదకొండు, పన్నెండు అని జాబితా చివర చేర్చాడు. మొదటి రోజు కాంట్రాక్టర్ మనుషులు మోటార్లు బిగించకముందే వాల్వులు చేత్తో తిప్పారు. నీళ్లు వచ్చాయి. ఫొటోలు తీసుకున్నారు. మోటార్లు బిగించారు. ఆ తర్వాత రాలేదు.

పైపులో ఏదో అడ్డం పడిందనుకున్నారు. కాలనీవాళ్లే గడ్డపారలు పట్టి తవ్వారు. కాలనీలో ఉండే మారెమ్మ ఇంటి ముందు నడుం లోతు గొయ్యి రెండు నెలలుగా అలాగే ఉంది. అందులో పడి ఒక మేక కాలు విరిగింది. పైపు శుభ్రంగా ఉంది. తెర ఓకే అంటూనే ఉంది.

విజయరాణి ఆ సాయంత్రమే మామతో పంపు గదికి పోయింది. పది కొట్టింది. ఓకే. ఆయనను అక్కడే ఉంచి ఒకటో గల్లీకి నడిచింది. మూత ఎత్తి చూస్తే వాల్వు తెరుచుకుని ఉంది. వెనక్కి వచ్చింది. అరవై నాలుగు కొట్టింది. ఆరో గల్లీ తెరుచుకుంది. తొంభై తొమ్మిది కొట్టింది. తొమ్మిదో గల్లీ. ఊళ్లో తొంభై తొమ్మిదో గల్లీ లేదు. తెర ఓకే అంది.

ఆమె గోరు తెర మీద, పచ్చ అక్షరాల పక్కన ఆగింది. ఆరేళ్ల కింద అభిలాష్ రికార్డులో తాను సంతకం పెట్టిన పేజీ ఇదే. కింద తన పేరు మొదటి అక్షరాలు, తేదీ, ఎర్ర ఇంకు.

అప్పుడు ఆమె ఒక పని చేసింది. తర్వాత చాలాసార్లు ఆ పనికి తనను తాను తిట్టుకుంది. కాలనీకి పోయి మనుషులను పిలుచుకు రాలేదు. ఫోన్‌లో వీడియో తీయలేదు. డబ్బా చేసినవాడికి ముందు చెప్పడం మర్యాద అనుకుని అభిలాష్‌కు ఫోన్ చేసింది.

అతను కారులో అరగంటలో వచ్చాడు. ఆమె కొట్టి చూపించింది. అతను తల గోక్కున్నాడు.

"అవును మేడమ్. పచ్చ బటన్ గూడ ఒక అక్షరం పంపుతది. అది ఎనకాల అతుక్కొని వస్తుండె. ఏ నంబర్ కొట్టినా మ్యాచ్ కాలే. అందుకని మన జాబితల ఎంత ఉంటే అంతవరకే పోల్చిన."

"తోక కోయాలె గానీ కండ్లు మూసుకుంటరా?"

"అప్పుడు పది లేదు మేడమ్. తొమ్మిదే గల్లీలు."

ఆమె నోట్లో ఉమ్మి చేదుగా అయింది. మింగింది.

"వాళ్లు నాలుగు నెలలు నీళ్లు లేక గోతులు తవ్వుకున్నరు అభిలాష్. మా మామను దొంగ అన్నరు."

"సోమవారం మీటింగుల నేనే చెప్త మేడమ్. పెద్దాయనను ఫికర్ చేయద్దనండి." సాముయేలు వైపు తిరిగి చేతులు కూడా జోడించాడు. సాముయేలు ఆ రాత్రి అన్నం తిన్నాడు.

ఆదివారం కాలనీ అంతా చర్చిలో ఉంటుంది.

సోమవారం పొద్దున ఆరు గంటలకు సాముయేలు పది కొట్టాడు. పదో గల్లీకి నీళ్లు వచ్చాయి. పదకొండుకు, పన్నెండుకు వచ్చాయి. ఆడవాళ్లు బిందెలు తీసుకుని ఉరికారు. సాముయేలు పంపు గది ముందు నిలబడి ఆ కేకలు విన్నాడు. దేవుడు విన్నాడనుకున్నాడు.

పది గంటలకు పంచాయతీ ఆఫీసులో కుర్చీలు వేశారు. కార్యదర్శి కాగితాలు చదివాడు. నాలుగు నెలలు ఒకటో గల్లీ రోజుకు నాలుగు సార్లు. పది, పదకొండు, పన్నెండు ఒక్కసారీ లేవు. ఈ రోజు పొద్దున ఒక్కోటి ఒక్కోసారి.

"మీటింగు ఉన్నదని ఇయ్యాల సక్కగ నొక్కిండు," అంది మారెమ్మ. కాలనీలో అందరికంటే ముందు నిలబడేది, అందరికంటే గట్టిగా అరిచేది ఆమె. "అన్నా అన్నా అని పిలిస్తిమి. మా నోట్ల మన్ను కొట్టినవు గద అన్నా."

"నేను పన్నెండే నొక్కిన మారెమ్మా. దినాం నొక్కిన."

"మరి మిషన్ అబద్ధమాడుతదా?"

విజయరాణి లేచింది. అందరూ అభిలాష్ వైపు చూసేలా అతని వైపు చెయ్యి చూపింది. అతను ఫోన్ జేబులో పెట్టుకుని లేచాడు.

"మిషన్ల ఏ తప్పు లేదు. ఆదివారం సర్వీసింగ్‌కు వచ్చి చూసిన గూడ. కావాలంటే అందరు రాండ్రి, చూపిస్త."

అందరూ పంపు గదికి పోయారు. అభిలాష్ పన్నెండు కొట్టాడు. పన్నెండో గల్లీ నుంచి పిల్లలు వచ్చినయ్ వచ్చినయ్ అని అరిచారు.

"సారు, అరవై నాలుగు కొట్టండి," అంది విజయరాణి.

"అరవై నాలుగో గల్లీ ఏడున్నదమ్మ మనూర్ల?" అన్నాడు కార్యదర్శి. అయినా కొట్టాడు. తెర మీద 'నంబర్ లేదు' అని వచ్చింది.

కొందరు నవ్వారు.

"శనివారం కొడితే ఆరో గల్లీ తెరుచుకున్నది. ఇతను నిన్న మార్చిండు. అందరు చర్చిల ఉన్నప్పుడు వచ్చి మార్చిండు."

"ఏం మార్చిన మేడమ్? చూపియండి."

చూపించడానికి ఏమీ లేదు. కొత్తది సరిగ్గా పనిచేస్తోంది. పాతది పోయింది. పాతది మిగిల్చిన లెక్కలు మాత్రం కాగితాల మీద ఉన్నాయి. అవి సాముయేలు పేరు మీద ఉన్నాయి.

భిక్షపతి అప్పటిదాకా చెట్టు కింద బైక్ మీద కూర్చుని ఉన్నాడు. ఊరి బయట ఆయనకు ఒక ఫార్మ్‌హౌస్ ఉంది. శని, ఆదివారాలు సిటీవాళ్లకు ఇస్తాడు. పోయిన నెల అందులో కొత్తగా గడ్డి పరిచాడు.

"నీళ్లొస్తే పట్టుకున్నం," అన్నాడు. "ట్యాంకర్ల నింపి తోటకు గూడ కొట్టుకున్నం. వద్దని ఎవరంటరు? సాముయేలు మా గల్లీ మీద ప్రేమతోని ఇడుస్తున్నడనుకున్న. ఒక సంచి క్యారెట్లు గూడ పంపిన, మర్యాదకు. అడగండ్రి."

ఎవరూ అడగలేదు. అందరూ సాముయేలు వైపు చూశారు.

"పటేలా," అన్నాడు సాముయేలు. ఒక అడుగు ముందుకు వేశాడు. "మీరు కోత పండుగకు పంపిన్రనుకున్న. చర్చికిచ్చిన. సంచి విప్పలే."

చర్చిలో కోత పండుగ రోజు రైతులు పంటలు తెచ్చి ఇస్తారు. వాటిని వేలం పాడి చర్చి ఖర్చులకు వాడతారు.

"ఆ సంచి నేనే పాడుకున్న," అంది మారెమ్మ. ముఖం నల్లబడింది. "పిల్లలకు అండి పెట్టిన. మా నీళ్లు పోసి, క్యారెట్లు తెచ్చి, మాకే అంటగట్టినవు." కాలి పక్కన తుపుక్కున ఉమ్మింది. "థూ."

మరుసటి రోజు పదకొండు గంటలకు పంపు గది తాళం చెవులు ఆఫీసులో అప్పజెప్పమని కార్యదర్శి సాముయేలుకు చెప్పాడు. సాముయేలు సరేనన్నాడు. అప్పుడే ఇస్తానని జేబులో చెయ్యి పెట్టాడు. రేపు తెమ్మన్నాను గదా, రిజిస్టర్ ఇయ్యాల లేదు అన్నాడు కార్యదర్శి.

విజయరాణి కారు దగ్గర అభిలాష్‌ను పట్టుకుంది.

"నువ్వే చెప్త అన్నవు."

"మేడమ్, పదకొండు పంచాయతీలల నా డబ్బలు నడుస్తున్నయ్. చందనవెల్లి దిక్కు ఫ్యాక్టరోళ్లు గూడ అడుగుతున్నరు. తప్పు నాదని నలుగురిల ఎట్ల ఒప్పుకుంట? బాగు చేసిన గద. నీళ్లొస్తున్నయ్ గద."

"మా మామ?"

"పెద్దాయన. ఇంకెన్నేండ్లు చేస్తడు?" కారు తలుపు తెరిచాడు. "మీరే నేర్పిన్రు మేడమ్ నాకు సి. మీ సైన్ ఉన్నది నా రికార్డుల."

అది బెదిరింపో, గౌరవమో అతనికే తెలియదు. అలాంటి వాళ్లకు తెలియదు. కారు పోయాక ఆమె రోడ్డు పక్క బోరింగు కొట్టి చేతులు కడుక్కుంది. రెండోసారి కడుక్కుంది. ఎండకు బోరింగు పిడి చురుక్కుమంది.

షాపుకు వచ్చి సాయంత్రం దాకా ఏ స్టార్టరూ విప్పలేదు. గోడకు అభిలాష్ ఇచ్చిన పాంప్లెట్ అంటించి ఉంది. మోటార్ల షాపులన్నిటికీ పంచాడు. పైన అతని ఫొటో. కింద డబ్బాలు పెట్టిన ఊళ్ల పేర్లు. ఆమె దాన్ని గోడ నుంచి పీకింది. చివరి ఊరి పేరు పక్కన గోరు ఆనించింది.

పదకొండు ఊళ్లు.

ఒక్కో ఊరి నుంచి ఆమె దగ్గరికి స్టార్టర్లు వస్తాయి. ఏ ఊళ్లో ఎన్ని గల్లీలో ఆమెకు తెలుసు. నాలుగు ఊళ్లలో తొమ్మిదికి మించి ఉన్నాయి. ఆ నాలుగు చోట్లా పదో గల్లీలో ఉండేది ఎవరో కూడా చూడకుండా చెప్పగలదు.

అభిలాష్ అక్కడికి పోయి మార్చి ఉంటాడా? ఆరు నెలలు అతని రికార్డు దిద్దింది. అడిగిన ప్రశ్నకు సరిపోయేంతే రాసేవాడు. ఒక్క వరుస ఎక్కువ రాయలేదు. ఆ ఊళ్లలో ఎవరూ అతన్ని అడగలేదు.

మరుసటి రోజు పొద్దున అయిదున్నరకు విజయరాణి స్కూటీ మారెమ్మ ఇంటి ముందు, గొయ్యి అంచున ఆపింది. మారెమ్మ వాకిలి ఊడుస్తోంది. తల ఎత్తలేదు.

"మామ కోసం వచ్చినవా పిల్లా? పో. పొద్దుగాల పొద్దుగాల నీ మొఖం జూడ."

"నీ కోసమే వచ్చిన చిన్నమ్మా. ఎక్కు."

"ఏడికి?"

"షాబాద్ దిక్కు ఒక ఊరున్నది. అర్ధగంటల పోతం. అక్కడ గూడ ఇదే డబ్బ. పది నువ్వే నొక్కు. నేను ముట్ట."

"నొక్కితే?"

"పదో గల్లీల నీళ్లొస్తే నిన్న కింద ఉమ్మినవు గద. అది నా మొఖం మీద ఉమ్ము."

మారెమ్మ చీపురు పక్కన పెట్టింది. లోపలికి పోయి చెప్పులు వేసుకుని వచ్చింది. దారిలో బంతి తోటల పక్కన పోతున్నప్పుడు, "మెల్లగ పోరాదే, చచ్చేటట్టున్న," అంది.

ఆ ఊరి పంపు గదిలో సత్తయ్య ఉన్నాడు. అక్కడ నీళ్లు వదిలేది అతను. అతని స్టార్టర్ రెండుసార్లు ఆమే బాగుచేసింది. విజయరాణి అడిగింది. అతను పక్కకు జరిగాడు.

"పదో గల్లీ నొక్కినా ఏం లాభం లేదక్కా. అక్కడ పైపుల ఏదో అడ్డం పడ్డది. తవ్వుతున్నరు."

మారెమ్మ విజయరాణి ముఖం వైపు చూసింది. చీర కొంగుకు వేలు తుడుచుకుంది. ఒకటి కొట్టింది. సున్నా కొట్టింది. పచ్చ బటన్ గట్టిగా, అవసరానికి మించి నొక్కి పట్టింది.

ఓకే.

పదో గల్లీ ఊరి చివర ఉంది. నల్లాల దగ్గర ఖాళీ బిందెలు వరుసగా ఉన్నాయి. గల్లీ మొదట్లో గొయ్యి ఉంది. గొయ్యి పక్క మట్టి మీద గడ్డి మొలిచింది. నీళ్లు రాలేదు. అక్కణ్ణుంచి ఇద్దరూ సత్తయ్యను వెంటబెట్టుకుని ఒకటో గల్లీకి నడిచారు. పెద్ద గేటు ముందు నల్లా ఎవరూ కట్టేయక పారుతోంది. నీళ్లు రోడ్డు మీదికి వచ్చి ఎండిన పేడను తడిపి మురికి కాలువలోకి పోతున్నాయి.

మారెమ్మ వంగి ఆ నీళ్ల కింద చెయ్యి పెట్టింది. తీయలేదు.

"థూ," అంది. ఈసారి ఎవరినో చెప్పలేదు. తర్వాత తడి చేత్తోనే విజయరాణి ఫోన్ లాక్కుంది.

"అన్నా, నేను మారెమ్మను. తాళం చెవులు ఇచ్చినవా? ఇయ్యకు. నేను వచ్చేదాక ఆఫీసు గడప ఎక్కకు. ఇంట్ల కూసో. అన్నం తిను." అవతల సాముయేలు ఏదో అడిగాడు. "ఏందా? నువ్వు పన్నెండే నొక్కినవు. అది నేను చెప్త. అందర్ల చెప్త. సత్తయ్యను గూడ బండి మీద ఎక్కించుకొని తెస్తున్న."

సత్తయ్య కంగారుగా చూశాడు. మారెమ్మ అతని మణికట్టు అప్పటికే పట్టుకుంది. అతను పంపు గదికి తాళం వేసి రావాలన్నాడు. ఇద్దరూ అటు పోయారు.

విజయరాణి మళ్లీ పదో గల్లీకి వచ్చింది. ఇద్దరు ఆడవాళ్లు గోతిలోకి దిగబోతున్నారు. ఒకామె చేతిలో గడ్డపార, ఇంకొకామె చేతిలో పార.

"దిగకండమ్మా," అంది విజయరాణి. "పైపుల ఏం లేదు."

వాళ్లు నమ్మలేదు. నవ్వారు కూడా. ఆమె పార అడిగి తీసుకుంది. చున్నీ నడుముకు చుట్టి, గట్టు మీద గడ్డి మొలిచిన మట్టిని గోతిలోకి తోయడం మొదలుపెట్టింది.